ఎముక బొమ్మ

మాఫీ అడగడానికి గురువారం మంచిదని షంషాద్ బీ పొద్దుటినుంచీ తమ్ముడి చెవిలో వేస్తూనే ఉంది. ఇమాం వలి వినపడనట్టు దూది ఏకుతున్నాడు. పంచలో దూలానికి వేలాడుతున్న విల్లును ఎడమచేత్తో అదిమిపట్టి, కుడిచేతిలోని కొయ్యగుండుతో నారిని లాగి వదులుతుంటే ధుం ధుమ్మని మోగుతోంది. ఎవరి పరుపులోనో ఏళ్ళ తరబడి నలిగి పెళ్ళలు కట్టిన దూది ఆ మోతకు విడిపోయి, పొగలా లేచి, అతని కనుబొమల మీదా మీసాల మీదా వాలుతోంది. మామూలు రోజుల్లో ఆ మోత అతనికి తోడు. ఇవాళ అక్క మాటలను ముంచెయ్యడానికి పనికొస్తుందనుకున్నాడు.

షంషాద్ బీ గొంతు అంత తేలిగ్గా మునిగేది కాదు. ఆమె ఎర్రగుంట్ల నుంచి రైలెక్కి కల్లూరు వచ్చిందే ఈ పని మీద. విల్లు పక్కకే వచ్చి నిలబడి, దూది ముక్కులోకి పోకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

"నోరు పడిపోయినంక ఎవరిని అడుగుతావురా? కాలికో కడుపుకో వచ్చింటే నేనూ తొందర పెట్టను. దవుడకు వచ్చిండాది. రేపు నాలిక తిరగదు. మాఫ్ అనే మాట యాడనుంచి వస్తాది?"

గుండు ఆగిపోయింది.

మనిషి పోయే ముందు అయినవాళ్ళు తలాపున చేరి, అన్నది ఆడింది మాఫ్ చెయ్యమని అడగడం వాళ్ళ ఇళ్ళలో పెద్దలనాటి ఆచారం. పోయే మనిషి మాఫ్ అనాలి. ఆ మాట పడకుండా కన్ను మూస్తే, ఆ ఫిర్యాదు ఖయామత్ నాటి తీర్పు దాకా అలాగే నిలిచి ఉంటుంది. పెళ్ళాం మాబీ దవడను హకీము వేలితో నొక్కి చూసి, ఆమెను బయటికి పంపించి, రాచపుండు, మందు దండగ అని ఇమాం వలికి చెప్పిన సంగతి అక్కకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మాబీకి అసలే తెలియదు. పంటి వాపు అనుకుంటూ పసుపూ సున్నమూ పట్టు వేసుకుంటోంది.

ఎవరూ అడక్కపోయినా తను అడగవలసింది ఏమిటో ఇమాం వలికి తెలుసు. అది నిరుడు కృష్ణవేణమ్మగారి పెరట్లో జరిగింది. ఆ ఇంటి పరుపులన్నీ విప్పి ఏకుతుంటే నారి పుటుక్కున తెగి, అతని ముక్కు మీద చెళ్ళుమని కొట్టింది. పెరట్లో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. అందరికంటే గట్టిగా, నోరంతా తెరిచి మాబీ నవ్వింది. అతని చేతిలో గుండు ఉంది. చెయ్యి లేచింది. ఎడమ దవడ. తర్వాత ఆ పెరట్లో దూది తప్ప ఏదీ కదల్లేదు. కొన్నాళ్ళకు సరిగ్గా అక్కడే, ఎముక మీద చింతగింజంత గట్టిగా ఏదో తగిలింది. అది ఉసిరికాయంత అయింది. ఇప్పుడు చెంప ఒక పక్క బుగ్గలో బెల్లంముక్క దాచుకున్నట్టు ఉంది. దెబ్బకే వచ్చిందని అతను ఎవరితోనూ అనలేదు. ఆమె కూడా అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ భయం.

గుండు కింద పెట్టి, మీసాలు దులుపుకుని లోపలికి వెళ్ళాడు.

మాబీ పొయ్యి ముందు కూచుని జొన్నరొట్టె తడుతోంది. చెంగును ఎడమ చెంప మీదుగా లాగి చెవి వెనక దోపుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఒంటరిగా ఉన్నా తియ్యదు. అతను గోడవార గొంతుక్కూచుంటే ఆకలై వచ్చాడనుకుని, ఇది కాలగానే పెడతానంది.

అతను నేల చూస్తూ, అప్పగించే పాఠంలా అనేశాడు.

"అన్నది ఆడింది మాఫ్ చెయ్యి."

రొట్టె తట్టే చెయ్యి వెంటనే ఆగలేదు. పిండి ఇంకొంచెం వెడల్పయింది, అంచు పల్చబడింది. అప్పుడు ఆగింది.

"ఎవరు పోతాండారు?" అంది మాబీ.

గుమ్మంలో షంషాద్ బీ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మాబీ ఆమెను చూసింది, మొగుణ్ణి చూసింది. పిండి చేతిని మెల్లగా చెంగు కిందికి పోనిచ్చి దవడ మీద పెట్టుకుంది. పెనం మీద ఉన్న రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ తియ్యలేదు.

"దీనికా?"

ఇమాం వలి తల ఇంకా కిందికి పోయింది. ఆమె చాలాసేపు పొయ్యిలో కట్టె చివర కక్కుతున్న నురగను చూస్తూ ఉండిపోయింది. పోయేవాళ్ళు మోసుకుపోకూడదని ఆమె కూడా చిన్నప్పటినుంచీ విన్నదే.

"మాఫ్ చేస్తి" అంది చివరికి.

"అన్నీనా?" అని అడిగాడు అతను. అడిగిన వెంటనే తన గొంతు తనకే రోతగా వినిపించింది.

"అన్నీ."

అతని వీపు మీదనుంచి బస్తా దింపినట్టయింది. నిజంగానే భుజాలు తేలికయ్యాయి. పెట్టిన రొట్టెలు తిన్నాడు, ఉల్లిగడ్డ కొరుక్కుని తిన్నాడు, ఇంకొకటి అడిగి తిన్నాడు. నమలడం మధ్యలో ఒక్కసారిగా దవడలు ఆగిపోయాయి. ఈమెకు చావు కబురు చెప్పింది ఎవరు? హకీము చెప్పలేదు. తను చెప్పాడు. అదీ చెప్పాలని చెప్పలేదు, తన బరువు దించుకోవడానికి చెప్పాడు. ఎదురుగా మాబీ మాడిన రొట్టెను తన పళ్ళెంలో వేసుకుని, నల్లటి భాగం గిల్లి పక్కన పెడుతోంది. నోట్లోది మింగడానికి అతనికి నీళ్ళు కావలసి వచ్చాయి. అవి కూడా ఆమే ఇచ్చింది.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. షంషాద్ బీ గమ్మున ఉండే రకం కాదు. చుట్టాలూ ఇరుగుపొరుగులూ ఒక్కొక్కరే వచ్చి చాప మీద కూచుని, కళ్ళొత్తుకుని, మాఫీ అడిగి పోయారు. మాబీ ప్రతివాళ్ళకూ తల ఊపింది. పక్కింటి సుంకమ్మకు ఈ ఆచారం లేకపోయినా, తీరా సమయం వచ్చింది కదా అని ఆమె కూడా వచ్చి కూచుంది.

"మాబమ్మా, మొహర్రానికి పోయిన నీ నల్లకోడిని పిల్లి తిన్లేదు. మేమే తింటిమి. నువ్వు వెతుకుతా మా ఇంటికొస్తే నీతో కూడా తిరిగి వెతికితి. అదే నాకు శానా బాధగా ఉండాది."

మాబీ ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. "కూర బాగుండెనా?" అని అడిగింది.

"ముదురు కోడమ్మా. ఉడకల్యా."

చాప మీద ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. మాబీ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంచలో కూచున్న ఇమాం వలికి ఆ నవ్వు వినిపించి, ఎందుకో లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున మాబీ తలంటుకుని, పెట్టెలోని ముదురు నీలం చీర కట్టుకుని, కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం పదమంది. ఎముకకు బొమ్మ తీసే యంత్రం ఉందని కృష్ణవేణమ్మగారు ఎప్పుడో చెప్పారట. దుడ్లు దండగని షంషాద్ బీ అడ్డం వచ్చింది. ఆడదాని మొహం పరాయి మొగవాడి చేతుల్లో పెట్టడం ఏమిటని కూడా అంది.

"చచ్చేది నేనైనప్పుడు, దేనితో చస్తాండానో నేను చూడాల గదా వదినా" అంది మాబీ. కోపంగా అనలేదు. సంతకు పోయే మనిషి సంచీ ఎక్కడుందని అడిగినట్టు అంది.

ఇమాం వలి కాదనలేదు. ఆ యంత్రం సంగతి అతనూ విన్నాడు. దాని ముందు చర్మం, కండ అన్నీ కరిగిపోయి లోపల ఉన్నది ఉన్నట్టు కనపడుతుందట. లోపల ఏం దాచుకున్నా కనపడుతుందట. దారిలో హంద్రీ ఏటి ఇసుకలో మాబీ వెనకాల నడుస్తూ అతను ఒకే బొమ్మను చూస్తున్నాడు. తెల్లటి దవడ ఎముక, దాని మీద గుండ్రంగా, నున్నగా, నొక్కుకుపోయిన గుర్తు. కొయ్యగుండు కొనకు సరిగ్గా సరిపోయే గుర్తు. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూస్తాడు. తర్వాత తలతిప్పి తనను చూస్తాడు. అప్పటిదాకా ఆమె చావు గురించి భయపడుతున్నాననే అతను అనుకుంటున్నాడు. ఆ ఇసుకలో నడుస్తుంటే, తన భయం ఆమె చావుది కాదని మొదటిసారి తెలిసింది. తెలిసినా నడక ఆపలేదు.

డాక్టరు మద్రాసులో చదువుకుని వచ్చిన పడుచువాడు. మాటల్లో ఏ ఊరి యాసా లేదు. చెంగు తియ్యమన్నాడు. మాబీ తీసింది. పగటి వెలుతురులో అంత దగ్గరగా ఆ చెంపను ఇమాం వలి కూడా చూసి చాలాకాలమైంది. అతను గోడ మీది గడియారం వైపు చూశాడు. డాక్టరు నోరు తెరిపించి, బొటనవేలు లోపలా చూపుడువేలు బయటా పెట్టి ఎముకను మెల్లగా నొక్కాడు. నొప్పి ఉందా అంటే లేదంది. ఇంకొంచెం నొక్కి, తన చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. గుడ్డు పెంకు నొక్కినట్టు ఉందని పక్కనున్న నర్సుతో అన్నాడు. వెనక పళ్ళు లెక్కపెట్టి, ఇక్కడ ఒక పన్ను తక్కువుంది, పీకించావా అని అడిగాడు. అది అసలు రానేలేదంది మాబీ.

యుద్ధం వల్ల ఫిల్ములు సరిగా రావడం లేదనీ, అనవసరంగా ఒక్కటి వాడినా పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలనీ గొణుక్కుంటూ డాక్టరు ఇమాం వలి వైపు తిరిగాడు.

"ఇక్కడ ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? దెబ్బకు వచ్చే వాపు ఒక తీరు, మామూలుగా వచ్చేది ఒక తీరు. సరిగ్గా చెప్పు."

ఇమాం వలి మాబీ వైపు చూశాడు. ఆమె అతని వైపే చూస్తోంది. సహాయం చేస్తున్నట్టూ లేదు, నిలదీస్తున్నట్టూ లేదు. చెప్తాడా, ఎట్లా చెప్తాడు అని చూస్తున్నట్టుంది.

"లేదు సార్" అన్నాడు.

ఆమె కళ్ళు దించుకుంది. కాదనలేదు.

యంత్రం ఉన్న గదికి కిటికీలకు నల్లగుడ్డ వేసి ఉంది. మాబీని బల్ల మీద కూచోబెట్టి, తల పక్కకు వంచి, పలకలాంటి చల్లటి పెట్టె ఒకటి ఎడమ దవడకు ఆనించారు. బొమ్మ దాని లోపలి ఫిల్ము మీద పడుతుంది. అది జారిపోకుండా ఎవరైనా పట్టుకోవాలి. రోజూ పట్టుకుంటే ఆ కిరణాలు నర్సుకు చెరుపని ఆమెను తప్పించి, నువ్వు పట్టుకోవయ్యా అన్నాడు డాక్టరు. ఇమాం వలి కుడిచేత్తో పట్టుకున్నాడు. ఇంకా గట్టిగా అదమమన్నారు. అదిమాడు. వేళ్ళ కొనలు పలక అంచు దాటి ఆమె గడ్డం కింద మెత్తటి చర్మానికి తగిలాయి. అక్కడ నాడి కొట్టుకుంటోంది. ఆ చెంపను ఆ చెయ్యి ఆ రోజు తర్వాత తాకడం ఇదే మొదలు. ఆమె ఊపిరి బిగపట్టింది. ఊపిరి బిగపట్టమని డాక్టరు చెప్పడానికి ముందే బిగపట్టిందని అతనికి తెలిసింది.

యంత్రం బుసకొట్టింది. పిడుగు పడ్డప్పటి వాసన వచ్చింది. అంతే, అయిపోయిందన్నారు. ఫిల్ము కడిగి ఆరబెట్టాలి, రేపు రమ్మన్నారు.

*

ఆ పూట అతను విల్లు ముట్టలేదు. ఏకవలసిన దూది మూటలోనే ఉంది. లేదు సార్ అన్న మాట నాలుక మీద సున్నంలా అంటుకుని పోవడం లేదు. దెబ్బ తగిలిందని తెలిస్తే డాక్టరు ఇంకో మందు ఇచ్చేవాడేమో. తెలియక ఏదో ఇస్తే, దానివల్ల ఈమె పోతే, అది ఎవరి లెక్కలోకి వస్తుంది? మాఫ్ చేయించుకున్న తర్వాత చేసిన తప్పు ఆ మాఫీలోకి వస్తుందా, రాదా? ఈ ప్రశ్న తెలివైనదిగా తోచి, మసీదు దాకా వెళ్ళి పేష్ ఇమాంను అడుగుదామని చెప్పులు కూడా వేసుకున్నాడు. అప్పుడు ఆవలి గదిలోంచి మాబీ నేల అలుకుతున్న చప్పుడు వినిపించింది. పోయే మనిషి ఇల్లు అలుకుతోంది. తను తన మాఫీకి హద్దులు కొలుచుకుంటున్నాడు. చెప్పులు విడిచేశాడు.

పొద్దున తనొక్కడే ముందు పోయి డాక్టరుకు నిజం చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. అక్కడ అనవలసిన మాటలు కూడా కూర్చుకున్నాడు. కాని తెల్లారి చెప్పులు వేసుకునేసరికి మాబీ కూడా తయారై గడప దగ్గర నిలబడి ఉంది. ఎముక నీదా, నాదా, చూడాల్సింది నేను కదా అంది.

డాక్టరు ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టాడు. నల్లటి నీళ్ళలో మునిగిన తెల్లటి కొమ్మలా ఎముక కనిపించింది. ఇమాం వలి కళ్ళు గుండ్రటి గుర్తు కోసం వెతికాయి. గుండ్రంగా ఒకటి ఉంది. దవడ వంపు తిరిగే చోట, నిమ్మకాయంత నల్లటి గుంట. గుంటకు కింద, ఫిల్ము అంచున వరసగా సన్నటి తెల్లటి కణుపులున్నాయి.

"అవేంటివి సార్?" అన్నాడు.

"నీ వేళ్ళు. పలక అంచు దాటి పట్టుకున్నావు." డాక్టరు మాబీని దగ్గరికి రమ్మని పిలిచాడు. "ఇటు చూడమ్మా. రాచపుండు ఎముకను చెదలు తిన్నట్టు తింటుంది. దానికి అంచంటూ ఉండదు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. దీని చుట్టూ చూశావా, సన్నటి కలంతో గీసినట్టు తెల్లటి గీత? మెల్లగా, ఏళ్ళ తరబడి పెరిగిందన్నమాట. ఇది చెడ్డది కాదు. ఎముక లోపల నీటితిత్తి."

మాబీ ముక్కు ఫిల్ముకు తగిలేంత దగ్గరగా వంగింది. "ఈ నడిమధ్య తెల్లగా అడ్డం పండుకోనుండేది?"

"అదే రాని పన్ను. పైకి రాకుండా లోపలే పడుకుంది. దాని చుట్టూ నీళ్ళు చేరాయి. సూది వేసి ఆ నీళ్ళు చూస్తాను, తర్వాత కోసి పన్నూ తిత్తీ తీసేస్తాను. వచ్చేవారం రా. ప్రాణభయం లేదు."

మాబీ నోరు కొంచెం తెరుచుకుంది. ఏదో అనబోతోంది. ఇమాం వలి గొంతే ముందు లేచింది.

"అయితే దెబ్బకు వచ్చింది కాదా సార్?"

"ఏ దెబ్బ?" డాక్టరు ఫిల్ము దించాడు. "నిన్న లేదన్నావే."

కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. అతను తన కుడిచేతిని వీపు వెనక్కు పెట్టుకున్నాడు. డాక్టరు చూపు అతని మీదనుంచి మాబీ చెంప మీదికి, అక్కణ్ణుంచి ఫిల్ము అంచున ఉన్న వేళ్ళ మీదికి పోయి, అక్కడ కాసేపు ఆగింది. తర్వాత చాలా పొడిగా అన్నాడు.

"దెబ్బకు పన్ను ఎముకలో పడుకోదు. అది చిన్నప్పటినుంచీ ఉన్నదే. కాని ఇక్కడ ఎముక గుడ్డు పెంకంత పల్చగా ఉంది. ఆ దెబ్బకు దవడ రెండు ముక్కలు కాకపోవడం ఈమె అదృష్టం."

ఇమాం వలికి మొదటి మాట మాత్రమే వినిపించింది.

*

ఆసుపత్రి గేటు దగ్గర జవాను అడక్కుండానే అతను చెప్పాడు: పన్నంట, చిన్నప్పటిదంట, నా వల్ల కాదంట. వేరుశనగ బుడ్డలమ్మే ముసలమ్మకు చెప్పాడు. జట్కా ఆపి ఎక్కుతారా అని అడిగినవాడికి చెప్పాడు. వాళ్ళెవరికీ అదేమిటో అర్థం కాలేదు. అయినా సంతోషపడుతున్న మనిషిని చూసి తలలూపారు. మాబీ నాలుగడుగుల ముందు నడుస్తోంది. ఆమె చెంగు జారి భుజం మీద పడింది. సర్దుకోలేదు.

హంద్రీలో నీళ్ళు పాయలుగా విడిపోయి సన్నగా పారుతున్నాయి. మధ్య ఇసుకలో ఎవరో తోడి వదిలేసిన చెలమ దగ్గర మాబీ కూచుంది. మీది నీళ్ళు చేత్తో ఎత్తి పారబోసి, తేటనీరు ఊరేదాకా ఆగింది. ఇమాం వలి నిలబడే మాట్లాడుతున్నాడు. రాచపుండన్న ఆ హకీము గడ్డం పీకాలన్నాడు. అక్కను రేపే రైలెక్కించాలన్నాడు. నిరుడంతా తన గుండెలో ఎట్లాంటి రాయి ఉండిందో నీకేం తెలుసన్నాడు. ఆమె దోసిలితో తాగి, తడిచేత్తో రెండు చెంపలూ తుడుచుకుని, ఇసుకను చూస్తూ అంది.

"మొన్న మాఫ్ చేస్తి గదా."

"చేస్తివి. ఇంగ దాంతో పనేముండాది? దెబ్బకు వచ్చింది కాదని డాక్టరే చెప్పె గదా."

"దెబ్బకు జబ్బు రాలేదని చెప్పినాడు. నువ్వు కొట్టలేదని చెప్పల్యా."

ఇమాం వలి కుడిచెయ్యి మళ్ళీ వీపు వెనక్కు పోయింది.

"చచ్చేదాన్నని మాఫ్ చేస్తి" అంది మాబీ. "పోతా పోతా మోసుకోని పోవడమెందుకని. ఇప్పుడు పోవడంల్యా. అందుకే వాపసు తీసుకుంటాండా."

ఆమె గొంతులో కసి లేదు. అదుంటే అతనికి ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. ఇసుక మీద అతని నీడ ఆమె పాదాల మీద పడుతోంది. ఒక అడుగు వెనక్కు వేశాడు.

"అట్ల తీసుకోవచ్చునా?" అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నాకు తెల్దు. ఖాజీని అడుక్కో. నేనైతే తీసుకుంటాండా."

"అందరివీనా? సుంకమ్మదీనా?"

"సుంకమ్మది ఉండనీ." మాబీ లేచి చీరకు అంటిన ఇసుక దులుపుకుంది. "ఆమె కోడిని తింటి అని చెప్పి అడిగె. నువ్వు అన్నది ఆడింది అంటివి. అన్నీనా అని అడిగితివి. ఏం చేసినావో నీ నోటితో ఒక్కసారీ అన్లేదు. నిన్న డాక్టరు అడిగినా అన్లేదు."

చెలమలో నీళ్ళు మళ్ళీ ఊరి, అంచుల ఇసుక చిన్న చిన్న ముక్కలుగా లోపలికి కూలుతోంది. ఇప్పుడు అనవచ్చు. గుండుతో కొట్టినాను అని. నవ్వినావని కొట్టినాను అని. ఆ మాటలు గొంతు దాకా వచ్చాయి. ఇప్పుడు అంటే అది కూడా మాఫీ కోసమే అన్నట్టవుతుందని తోచి, అక్కడే ఆగిపోయాయి. ఆ ఆలోచన కూడా తనను కాపాడుకోవడానికే వచ్చిందేమో అతనికి తెలియలేదు.

"మల్ల ఎప్పుడు చేస్తావు?" అన్నాడు, వినపడీ వినపడకుండా.

"ఏమో. బతికుంటా గదా. చూస్తాం."

ఆమె పాయ దాటి నడిచింది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని, నీళ్ళ అడుగున గులకరాళ్ళు చూసుకుంటూ, తొందర లేకుండా దాటింది. అతను అక్కడే నిలబడ్డాడు. పిలిస్తే ఆగుతుందేమో. ఏమని పిలవాలి?

అవతలి పాయలో చాకలి బొజ్జన్న ఒక్కడే బండ మీద బట్టలు ఉతుకుతున్నాడు. కల్లూరువాడే, వాళ్ళ వీధి చివర ఉంటాడు. మొన్న సాయంత్రం మాబీ కబురు విని అతని ఇంట్లో కూడా ఏడుపు మొహాలు పెట్టారు. ముందు పోతున్న మాబీని చూసి, చేతిలోని తడి పంచెను బండ మీద పడేసి, ఏమడగాలో తెలియక ఊరుకుని, వెనక నిలబడిపోయిన ఇమాం వలిని పిలిచాడు.

"ఏమప్పా వలీ, ఆసుపత్రిలో ఏమన్న్యారు?"

ఇమాం వలి నోరు తెరిచాడు. జవానుకూ, బుడ్డల ముసలమ్మకూ, జట్కావాడికీ చెప్పిన మాట పెదవుల దాకా దానంతట అదే వచ్చి నిలబడింది. దాన్ని చూసుకున్నాడు. అందులో మాబీ ఎక్కడా లేదు. ఆసుపత్రినుంచి ఇంతదూరం నడిచొచ్చాడు, దారిపొడుగునా మనుషులను ఆపి ఆపి చెప్పాడు. ఒక్కరికైనా ఆమె గురించి చెప్పలేదు. చెవులదాకా రక్తం ఎక్కింది. ఆ ఎండలో, ఆ ఇసుకలో, బొజ్జన్న ముందు బట్టలు లేకుండా నిలబడ్డట్టు అనిపించింది.

"బతుకుతాదంట" అన్నాడు.

ఆ మాట అతని గొంతులోంచి బొంగురుగా, సగం విరిగి వచ్చింది. మళ్ళీ అనవలసి వచ్చింది.

"మాబీ బతుకుతాదంట బొజ్జన్నా."

"శానా మంచి మాట" అని బొజ్జన్న పంచె ఎత్తి బండకేసి కొట్టాడు. గట్టు మీదికి ఎక్కుతున్న మాబీ ఆ మాట విన్నదో లేదో, వెనక్కు తిరగలేదు. ఇమాం వలి చెప్పులు చేతిలోకి తీసుకుని నీళ్ళలో దిగాడు. ఆమెను అందుకోవాలని తొందరపడలేదు.